పంటి ముందు కాపలావాడు

మిట్ట మీది ఇల్లు
ఆగస్టు 6

తమ్ముడికి, రోజూ ప్రార్థనలో నీ పేరు మరిచిపోని అక్క రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి ఆగాను. అందరం అంటే నేనూ, కుట్టుమిషనూ. ఇద్దరం బాగున్నాం.

విషయం చెబుతాను. నాన్న రంపం పక్కన పెట్టినప్పటి నుంచీ, ఆయన పోయాక ఈ ఆరేళ్ళూ కూడా, మన కట్టెలు కోసిపెట్టిన వడ్రంగికి ఈసారి నడుము పట్టేసింది. మంచం దిగలేకపోతున్నాడు. దుంగలు మాత్రం పోయినేడే తెచ్చి పెరట్లో పేర్చి పెట్టాడు. బాగా ఎండాయి. కోసేవాళ్ళే లేరు.

మీ చిన్నక్క పోయిన వారం వచ్చింది. "యాభై ఏడేళ్ళొచ్చాయి. ఒక్కదానివీ ఈ మిట్ట మీద చలికి కొయ్యబారిపోతావా? మా ఇంట్లో గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యి" అని పట్టుబట్టి కూర్చుంది. దాని సంగతి నీకు తెలుసుగా, ఔననిపించుకునేదాకా లేవదు. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. మొదటి మంచు పడేలోగా కట్టెల కొట్టు నిండితే నేను ఇక్కడే ఉంటాను. నిండకపోతే ఇంటికి తాళం వేసి దాని దగ్గరికి వెళ్ళిపోతాను. మాటిచ్చాను. ఇచ్చాక తప్పను.

కొట్టుకి ఎనిమిది వరుసలు పడతాయి. మంచు నవంబరు మూడో వారంలో వస్తుంది.

నాన్న మోటారు రంపం దించాను. తుడిచి, నూనె పోసి, తాడు రెండోసారి లాగితే అందుకుంది. కానీ కోయదు. దుంగ మీద పెడితే పొగ వస్తోంది. గొలుసు మొద్దుబారింది.

నాన్న పక్కన కూర్చుని గొలుసుకి పదును పెట్టడం నేర్చుకున్నది మన ముగ్గురిలో నువ్వే. ఎలాగో రాసి పంపు. ఫోనులో వద్దు, మరిచిపోతాను. కాగితమైతే కొట్టు గోడకి అంటించుకుంటాను.

అక్క


రేవు వీధి, మూడో అంతస్తు
ఆగస్టు 15

అక్కా,

నీ ఉత్తరం మెట్ల దగ్గరే విప్పాను. మూడు అంతస్తులు ఎక్కేలోగా రెండుసార్లు కూలబడ్డాను. మీ మరదలు పైనుంచి చూసి "ఎవరికేమైంది?" అని పరిగెత్తుకొచ్చింది. "ఎవరికీ ఏమీ కాలేదు. మా అక్క రంపం పట్టింది" అన్నాను. "అయితే దుంగలకే ఏదో అయ్యుంటుంది" అంది. నీ మీద దానికంత నమ్మకం.

ముందే చెబుతున్నాను, నాకిది ఇష్టం లేదు. సూదిలో దారం ఎక్కించే చేతులు నీవి. కానీ వద్దంటే వింటావా? చిన్నక్క కూర్చుని ఔననిపించుకుంటుంది. నువ్వు మాట్లాడకుండా లేచి నీ పని నువ్వు చేసుకుపోతావు. మీ ఇద్దరికీ తేడా అంతే.

ఇక్కడ కార్ఖానాలో రోజుకి వంద పనిముట్లకి పదును పెడతాను. ఎలా పెడుతున్నావయ్యా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. నువ్వు అడిగావు కాబట్టి విను.

రంపం ఆపి ప్లగ్గు తీగ పీకెయ్యి. అది లేకుండా గొలుసు మీద చెయ్యి వెయ్యకు. గొలుసు తిరిగే పొడుగాటి ఇనప పట్టీ ఉందే, దాన్ని నాన్న పనిబల్ల మీది బిగింపులో పెట్టి బిగించు. ఏదో ఒక పంటి మీద నీ కుట్టు సుద్దతో గుర్తు పెట్టు. అదే మొదటిది. గుర్తు లేకపోతే ఎక్కడ మొదలుపెట్టావో తెలియక గానుగ తిప్పినట్టు తిప్పుతూనే ఉంటావు.

నాన్న పెట్టెలో పెన్సిలంత గుండ్రటి ఆకురాయి ఉంటుంది. పంటి కడుపులో అది అచ్చంగా ఇముడుతుంది. లోపలి నుంచి బయటికి తొయ్యి. తిరిగి వచ్చేటప్పుడు పైకెత్తు. వెనక్కి రాస్తే ఆకురాయే అరిగిపోతుంది. పంటి నెత్తిన ఏటవాలుగా ఒక గీత కనిపిస్తుంది, ఆ గీత వెంబడే నీ చెయ్యి పోవాలి. పంటికి మూడు తోపులు. పళ్ళు ఒకటి ఇటు చూస్తే, ఒకటి అటు చూస్తుంది. ఇటు చూసేవన్నీ అయ్యాక బల్లకి అవతలి వైపు వెళ్ళి అటు చూసేవి పట్టుకో.

గొలుసు చల్లగా ఉన్నప్పుడు బిగువు చూసుకో. పట్టీ కింద వేలాడకూడదు, చేత్తో లాగితే జరగాలి. కోస్తుంటే వేడికి సాగుతుంది. మధ్యలో బిగిస్తే పని అయ్యాక మళ్ళీ వదులు చెయ్యి, లేకపోతే చల్లారాక ముడుచుకుని పట్టీ పీక పిసుకుతుంది. దుంగని నేల మీద పెట్టి కోయకు, దుంగ ఆనించే నాలుగు కాళ్ళ చెక్క గుర్రం మీద పెట్టు. ఒక్కసారి మట్టి తగిలిందా, నీ పొద్దంతా వృథా.

పట్టీ మధ్యభాగంతోనే కొయ్యి. కొన దేనికీ తగలకూడదు. ఈ మాట కింద రెండు గీతలు గీశాను చూడు.

పొడి రాలితే మొద్దు. ముక్కలు రాలితే పదును. నాన్న చెప్పేది అంతే కదా.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
ఆగస్టు 27

తమ్ముడూ,

కాగితం గోడకి అంటించాను. నాలుగు రోజులు చదివాను. ఐదో రోజు మొదలుపెట్టాను.

ముప్ఫై ఆరు పళ్ళు. ఇటు పద్దెనిమిది, అటు పద్దెనిమిది. ఆకురాయి నూనెగుడ్డలో చుట్టి ఉంది. ఆ గుడ్డ అమ్మ నీలం దుప్పటి ముక్క. అంచు కుట్టు నాదే, పన్నెండేళ్ళప్పుడు కుట్టింది. పెద్ద పెద్ద కుట్లు.

మొదటి దుంగ కోశాను. ముక్కలు రాలాయి తమ్ముడూ. పాదాల మీద వెచ్చగా పడ్డాయి. ఆ వాసనకి అమ్మ వంటింట్లోంచి "పొట్టు దులుపుకుని లోపలికి రండి" అన్నట్టే అనిపించింది. దులుపుకునే వెళ్ళాను.

అరవరుస అయింది. వీలుంటే ఒకసారి రా. కోయడానికి కాదు. చూడటానికి.

అక్క


రేవు వీధి
సెప్టెంబరు 5

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. నీలం దుప్పటి దగ్గర ఆగిపోయాను. ఆ దుప్పటి కింద మనం ముగ్గురం పడుకునేవాళ్ళం. నువ్వు గోడ వైపు, చిన్నక్క మధ్యలో, నేను అంచున. దుప్పటంతా చిన్నక్కదే. నాకు మిగిలింది నువ్వు కుట్టిన ఆ అంచొక్కటే.

నాన్న పని ముగించి గుప్పెడు ముక్కలు తీసుకెళ్ళి అమ్మకి చూపించేవాడు గుర్తుందా? "చూడు, ఎంత పొడుగున్నాయో!" అని. అమ్మ కూర కలుపుతూ వెనక్కి తిరగకుండానే "ఆహా, బ్రహ్మాండం. నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ముచ్చటగా చూడలేదు" అనేది. నాన్న అంత నవ్వు నవ్వేవాడు. చిన్నక్క రంపపు పొట్టు గుడ్డలో కూరి బొమ్మ చేసింది. ఆ బొమ్మ నడుం దగ్గర చిరిగి వారం రోజులు ఇల్లంతా పొట్టు పోసింది. నేను అన్నిటికన్నా పొడుగు ముక్కలు ఏరి పుస్తకంలో పెట్టుకునేవాణ్ణి. మాస్టారు పుస్తకం తెరిస్తే ముక్కలన్నీ ఆయన ఒళ్ళో పడ్డాయి. "చదువు కొరుక్కు తింటున్నావా?" అన్నారు.

రమ్మన్నావు. ఇప్పుడు సెలవు దొరకదక్కా. కార్ఖానాలో కొత్త యంత్రాలు దించుతున్నారు. తర్వాత చూద్దాం.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
సెప్టెంబరు 14

తమ్ముడూ,

రెండు వరుసలు అయ్యాయి. ఒక చిక్కు వచ్చింది.

కోత నిటారుగా దిగడం లేదు. పైన సరిగ్గానే పెడతాను. కిందికి వచ్చేసరికి ఎడమకి తిరిగిపోతోంది. కట్టెలు నిలబెడితే ఒరుగుతున్నాయి. పాలావిడ చూసి "మీ కట్టెలేంటమ్మా, పక్కింటి గొడవకి చెవి ఒగ్గినట్టు అన్నీ ఒకే వైపు వంగాయి" అంది.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పంటికి మూడు తోపులు. ఒక్కో తోపుకి ఒక ప్రార్థన వాక్యం.

అక్క


రేవు వీధి
సెప్టెంబరు 22

అక్కా,

ఆ చివరి వాక్యం చదివి కార్ఖానా భోజనాల గదిలో పగలబడి నవ్వాను. పక్కవాడి టీ ఒలికింది.

ప్రార్థన మొదలుపెడితే నీకు లోకం తెలుస్తుందా? చిన్నప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటే పొయ్యి మీద పాలు పొంగి, ఆరి, మాడి, గిన్నె అమ్మ చేతికి నల్లగా దొరికేది. ఇప్పుడూ అదే జరిగింది. ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకి వచ్చేసరికి నీకు భక్తి కుదిరి ఉంటుంది. మూడు కాస్తా నాలుగో అయిదో అయ్యుంటాయి. ఆ వైపు పళ్ళకి పుణ్యం ఎక్కువై పొట్టివైపోయాయి. పళ్ళు పొడుగ్గా ఉన్న వైపుకి రంపం లాక్కుపోతుంది.

దీనికి మందు ఒకటే. అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో నీ కొలత టేపు పెట్టి కనిపెట్టు. మిగతా ముప్ఫై అయిదూ దానంత అయ్యేదాకా అరగదియ్యి. విసుగు పని. నీకు విసుగు రాదు కాబట్టి చెబుతున్నాను. తర్వాత నుంచి నోటితో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు. దేవుడేమీ అనుకోడు, ఆయనకీ వంకర కట్టెలు నచ్చవు.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
అక్టోబరు 3

తమ్ముడూ,

అన్ని పళ్ళూ ఒక్క కొలతకి తెచ్చాను. రెండు రోజులు పట్టింది. కోత నిటారుగా దిగుతోంది.

కానీ దిగడానికే గంట పడుతోంది. పన్ను మీద గోరు పెడితే గోరు లేస్తోంది, అంత పదును. అయినా చెక్క మీద జారుతోంది. రాలేది సన్నటి పొడి. మీద పడి నొక్కితే తప్ప కదలదు. భుజాలు పట్టేశాయి.

మూడు వరుసలయ్యాయి. ఇంకా అయిదు.

పెట్టె అడుగున ఇంకో ఆకురాయి ఉంది. గుండ్రంగా కాదు, బల్లపరుపుగా. దాంతో పాటు సందు ఉన్న చిన్న ఇనప రేకు. నాన్న నాలుగైదుసార్లు పదును పెట్టాక ఒకసారి వాటితో ఏదో చేసేవాడు. పంటి ముందు ఉండే చిన్న బొడిపె మీద అనుకుంటాను. దాన్ని "కాపలావాడు" అనేవాడు.

నీ కాగితాల్లో కాపలావాడి మాటే లేదు. వాణ్ణి ఏం చెయ్యాలి?

అక్క


రేవు వీధి
అక్టోబరు 9

అక్కా,

వాటి జోలికి పోకు. ఆ రేకూ, ఆ ఆకురాయీ పెట్టెలో పెట్టెయ్యి.

గొలుసు పాతబడింది, అంతే. బజారుకి వెళ్ళి కొత్తది తెచ్చుకో. దొరక్కపోతే చిన్నక్క దగ్గరికి వెళ్ళు. అది చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. నీ మోకాళ్ళకి చలి పడదు.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
అక్టోబరు 16

తమ్ముడికి,

బజారుకి వెళ్ళాను. ఈ రంపం తయారుచేయడం మానేసి పదేళ్ళయిందట. ఈ కొలత గొలుసు తెప్పించాలంటే రెండు నెలలు పడుతుందన్నాడు. అప్పటికి మంచు మోకాలి లోతు ఉంటుంది.

నాలుగో వరుస సగంలో ఆగింది.

మీ చిన్నక్క ఫోను చేసింది. గదికి రంగు వేయిస్తోందట, ఏ రంగు కావాలని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

వెళ్ళాల్సి వస్తే వెళతాను. దేవుడు అక్కడా వింటాడు. కానీ నువ్వు నాకు ఇంత పొట్టి ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. నీ రాతలో ఒక్క నవ్వు లేదు. కాపలావాడి సంగతి తెలిసీ నువ్వెందుకు రాయలేదో అది చెప్పు. ఆ తర్వాత వెళ్ళమన్నా వెళతాను.

అక్క


రేవు వీధి
అక్టోబరు 21

అక్కా,

నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది.

కాపలావాడి సంగతి నాకు తెలియక కాదు. పంటి ముందు వాడు నిలబడి, పన్ను ఒక్కసారికి ఎంత కొరకాలో చూసుకుంటాడు. వాడు మరీ ఎత్తుగా ఉంటే పంటికి చెక్క అందదు. నీకిప్పుడు జరుగుతున్నది అదే. పళ్ళన్నీ అరగదీశావు, వాళ్ళు మాత్రం ఉన్నంత ఎత్తే ఉన్నారు. వాళ్ళనీ కొంచెం దించాలి. ఎక్కువ దించితే పన్ను పట్టలేనంత కొరుకుతుంది. అప్పుడు కొనకి ఏదైనా తగిలిందా, రంపం ఎగిరి మనిషి మీదికొస్తుంది.

నాన్న చెయ్యి తెగడానికి ముందురోజు సాయంత్రం, అప్పుడు రంపానికి ఉన్న గొలుసు పని చేసింది నేను.

ఇరవై తొమ్మిదేళ్ళ మొనగాణ్ణి. నాన్న రంపం మరీ నిదానం అనిపించేది. రేకు పెట్టి చూడలేదు. ఒక్కో కాపలావాడికీ అయిదారు తోపులు ఎక్కువే వేశాను. పొద్దున్నే నాన్న కోసి చూసి "ఏం చేశావురా, కూరగాయ తరిగినట్టు తెగుతోందే" అంటాడని మనసులో అనుకుని మురిసిపోయాను.

పొద్దున నేను పెట్రోలు తేవడానికి కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి చెక్క గుర్రం పక్కన పొట్టంతా ఎర్రగా ఉంది. నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నువ్వు కుడుతున్న బట్ట చించి ఆయన చేతికి చుడుతున్నావు. నాన్న నన్ను చూసి "ఆ గుర్రం మీద నీళ్ళు కొట్టరా, మరక పడుతుంది" అన్నాడు. అంతే.  ఆయన రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. నాన్న మళ్ళీ రంపం పట్టలేదు.

నెల తిరక్కుండా నేను ఇక్కడికి వచ్చేశాను. ఉద్యోగం దొరికిందని చెప్పాను. దొరకలేదు. వచ్చాక వెతుక్కున్నాను.

ఆయన ఇంకా పదమూడేళ్ళు బతికాడు. చెప్పలేకపోయాను. పోయిన రోజు వచ్చి గంటసేపు నిలబడి తిరిగి వచ్చేశాను. నువ్వు భోజనం చేసి వెళ్ళమన్నావు. రైలుకి టైమైంది అన్నాను. రైలు సాయంత్రం. నాలుగు గంటలు స్టేషన్లో కూర్చున్నాను.

ఇప్పుడు అదే పని ఎలా చెయ్యాలో నీకు రాసి పంపమంటున్నావు. నా చేత్తో రాశాక నీకేదైనా అయితే? గదికి చిన్నక్క ఏ రంగైనా వేయించనీ. నువ్వు పది వేళ్ళతో ఉండు.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
అక్టోబరు 27

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ప్రార్థనలో కూర్చుని లేచాను. నేను చెప్పేదీ ఉంది.

నువ్వు కాపలావాళ్ళని దించేశావని నాన్నకి ఆ పొద్దున మొదటి కోతకే తెలిసింది. నేను గుమ్మం దగ్గర కూర్చుని చేతికుట్టు వేస్తున్నాను. రంపం ఆపి, గొలుసు మీద వేలు పెట్టి చూసి నవ్వాడు. "మీ తమ్ముడు కాపలావాళ్ళందరినీ పడుకోబెట్టేశాడే! రానీ, చెవి మెలిపెడతాను" అన్నాడు. ఇంకో గొలుసు, ఇప్పుడు నేను వాడుతున్నదే, పెట్టెలో ఉంది. మార్చమన్నాను. "నాలుగు దుంగలే కదమ్మా, చూసుకుని కోస్తాలే" అన్నాడు. మూడు చూసుకునే కోశాడు.

నాలుగో దాని మీద ఉండగా నేను పిలిచాను. "నాన్నా, టీ చల్లారిపోతోంది" అని. రంపం చప్పుడుకి వినపడలేదని మళ్ళీ పిలిచాను, గట్టిగా. రంపం నడుస్తుంటే మనిషిని పిలవకూడదని మన ముగ్గురికీ మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. నాన్న నా వైపు తల తిప్పాడు. కొన వెనక దుంగకి తగిలింది.

పందొమ్మిదేళ్ళుగా ఇది దేవుడికి చెప్పుకుంటున్నాను. మనుషుల్లో నీకే మొదట.

నువ్వు నెల తిరక్కుండా వెళ్ళిపోతే, నేను పిలిచిన సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. నా మొహం చూడటం ఇష్టం లేక వెళ్ళావనుకున్నాను. అందుకే ఎప్పుడూ గట్టిగా రమ్మనలేదు.

నీ తప్పేమీ లేదని రాయను. అది అబద్ధం. నీది కొంత, నాది కొంత, తెలిసీ కోసిన నాన్నది కొంత. కట్టు కట్టించుకుని వచ్చిన రోజు నాన్న నాతో ఒక్కటే అన్నాడు. "కాపలావాళ్ళ సంగతి వాడి దగ్గర ఎత్తకే. బెదిరిపోతాడు." నేను ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

ఇక పని సంగతి. కొట్టులో మూడున్నర వరుసలున్నాయి. ఇంకా నాలుగున్నర కావాలి. కాపలావాడికి ఎన్ని తోపులో రాయి.

అక్క


రేవు వీధి
నవంబరు 1

అక్కా,

పది రోజులు సెలవు పెట్టాను. మా మేస్త్రీ "ఇంట్లో ఎవరికి బాగాలేదు?" అన్నాడు. "నాకే. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది" అన్నాను. నా మొహం చూసి సంతకం పెట్టేశాడు.

బుధవారం దిగుతాను. ఈ ఉత్తరం నాకన్నా రెండు రోజులు ముందు చేరుతుంది. నేను వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దు అని రాసి కొట్టేశాను, పైన కనిపిస్తోందిగా. ముట్టుకో. రెండు రోజులు ఎందుకు పోగొట్టుకోవాలి?

ఎన్ని తోపులని అడిగావు. అంకె లేదక్కా. రేకు చెబుతుంది. రేకుని పళ్ళ మీద ఆనించి పెట్టు. సందులోంచి కాపలావాడి తల ఎంత పైకి వస్తే అంతే అరగదియ్యాలి, బల్లపరుపు ఆకురాయితో. తల రేకుతో సమానమయ్యేసరికి ఆకురాయి రేకుకి రాసుకుని కీచుమంటుంది. అదే ఆగమన్న మాట. ఆ మీదట ఒక్క తోపు కూడా వద్దు. తర్వాత రేకు తీసి, వాడి ముందు మూలని కాస్త గుండ్రంగా చెయ్యి, ముందు ఎలా ఉండేదో అలా.

తల రేకు పైకి రాకపోతే వాణ్ణి ముట్టుకోకు.

రాశాను. రెండుసార్లు సరిచూసుకున్నాను.

తమ్ముడు


రేవు వీధి
నవంబరు 15

అక్కా,

నిన్న పొద్దున చేరాను. మీ మరదలు నా కోటు బాల్కనీలో దులపబోతే వద్దన్నాను. జేబుల నిండా పొట్టు. "నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి" అంది. "తొమ్మిదేళ్ళే" అన్నాను.

అక్కడ ఎదురుగా ఉండగా కొన్ని మాటలు నోటికి రాలేదు. ఇక్కడ బల్ల ముందు కూర్చుంటే వస్తున్నాయి.

నేను వచ్చేసరికి ముప్ఫై ఆరుగురు కాపలావాళ్ళ పనీ నువ్వే ముగించేశావు. నువ్వు లోపల వంట చేస్తుంటే నేను రేకు పెట్టి ఒక్కొక్కణ్ణీ చూశాను. నీకు చెప్పలేదు. ఒక్కడు కూడా వెంట్రుకవాసి తేడా లేడు. పాతికేళ్ళు కార్ఖానాలో ఉన్నవాళ్ళు కూడా అలా చెయ్యరు. నువ్వు తాడు లాగి, మొదటి దుంగ మీద పట్టీ ఆనించగానే ఆ ముక్కలు! నా బూట్ల మీద పడ్డాయి. ఒంగి ఏరుకుంటున్నట్టు నటించాను. ఏరుకోవడానికి కాదు ఒంగింది.

నాలుగు రోజులు నువ్వు కోశావు, నేను పేర్చాను. "నువ్వు కొయ్యి" అని ఒక్కసారీ అనలేదు. అయిదో రోజు రంపం గుర్రం మీద పెట్టేసి, "నాకు ఒక గౌను అంచు కుట్టే పనుంది" అని లోపలికి వెళ్ళిపోయావు. నేను దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో కిటికీలోంచి చూశావో లేదో తెలియదు. తర్వాత పట్టుకున్నాను. ఎంతసేపు కోశానో కూడా తెలియదు. ఆపి వెనక్కి తిరిగితే నువ్వు గుమ్మంలో ఉన్నావు, టీ గ్లాసుతో. ఎంతసేపైంది వచ్చి అంటే "ఇప్పుడే" అన్నావు. టీ మీద తెట్టు కట్టి ఉందక్కా. గ్లాసు మంచులా ఉంది. అంత మంచి టీ నేను తాగలేదు.

ఏడున్నర వరుసలు నా చేత్తో లెక్కపెట్టి రైలెక్కాను. మిగిలిన అరవరుస నువ్వే కోస్తానన్నావు, వాదించలేదు. ఇక్కడ రోజూ వాతావరణం వార్తలు వింటున్నాను. మీ మరదలు "ఆ మంచు పడేది ఎక్కడ, నీకు చలి ఇక్కడ" అంటోంది. ఏమైందో రాయి.

తమ్ముడు


మిట్ట మీది ఇల్లు
నవంబరు 24

తమ్ముడూ,

ఎనిమిదో వరుస పద్దెనిమిదిన పూర్తయింది. మంచు ఇరవయ్యో తారీఖు పొద్దున పడింది.

ఇరవై ఒకటిన మీ చిన్నక్క వచ్చింది. నా బట్టలు సర్దడానికని ఖాళీ పెట్టె మోసుకొచ్చింది. ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా కొట్టులోకి నడిచింది. కట్టెల మధ్య భుజం దాకా చెయ్యి దూర్చింది.

"ఏం వెతుకుతున్నావే?" అన్నాను.

"ముందు పేర్చి వెనక ఖాళీ వదిలావేమోనని."

"నేనా?"

"నువ్వు కాదు. వాడు వచ్చి వెళ్ళాడుగా."

ఖాళీ దొరకలేదు. చేతికి బెరడు గీరుకుంది. "గదికి లేత పసుపు వేయించాను, ఇప్పుడెవరికి?" అని ముఖం ముడుచుకుంది. రెండు కర్టెన్లు కుట్టి ఇస్తానన్నాను. కొంచెం తగ్గింది.

దానికి అంతా చెప్పాను. నీదీ, నాదీ, నాన్నదీ. ఇంక మన ముగ్గురిలో ఎవరికీ తెలియనిది ఉండకూడదనిపించింది.  తర్వాత "దేవుడు మీ ఇద్దరికీ నోళ్ళెందుకిచ్చాడే? పందొమ్మిదేళ్ళు!" అంది. ఏడ్చింది. మొహం కడుక్కుని, అన్నం పెట్టమంది.

తిన్నాక పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. వెచ్చదనానికి అలాగే కునుకు పట్టింది. ఆ రోజు బస్సు పోయింది. మర్నాటి బస్సుకి లేపితే, మోకాళ్ళ నొప్పి ఇక్కడ తగ్గినట్టుందని చెప్పి అటు తిరిగింది. నిన్న వాళ్ళాయన ఫోను చేస్తే, అక్కకి తోడుగా ఉన్నానని చెప్పింది. తెచ్చిన పెట్టె మంచం కింద ఖాళీగానే ఉంది.

ఇది నాలుగో రోజు. నేనిలా రాస్తుంటే కుర్చీలోంచి అంటోంది.

"ఆ ఉత్తరం తర్వాత రాసుకుందువుగానీ, ఇంకో కట్టె వెయ్యవే అక్కా."

వేస్తున్నాను.

అక్క